ఇథియోపియా కొండ ఊళ్లలో రెండేళ్లు ఉండాలి, మెట్ట సేద్యం తెలిసినోడికి అక్కడ ఎట్టా ఉంటది?

పొదిలి_కుర్రోడు:

అందరికీ నమస్తే. పోస్టు పెద్దది, ఓపిగ్గా చదవండి. మాది పొదిలి పక్కన పల్లె. అగ్రికల్చర్ ఎమ్మెస్సీ అయ్యాక మూడేళ్లు ఒక విత్తనాల కంపెనీలో తిరిగాను. ఇప్పుడు ఇథియోపియాలో పప్పుధాన్యాల విత్తనాల పని మీద రెండేళ్లకి రమ్మని ఆఫర్ వచ్చింది. ఆఫీసు టౌన్‌లోనే గానీ నెలకి ఇరవై రోజులు ఊళ్లలోనే తిరగాలంట, ఒక్కోసారి రైతుల ఇళ్లలోనే పడుకోవాల్సి వస్తదంట. అడిస్ అబాబాకి దగ్గర్లోనే, ఎత్తు ప్రాంతం అని మాత్రం చెప్పారు.

అమ్మకి ఆఫ్రికా అంటే ఎడారి, కరువు, సింహాలు. అక్కడ స్వెట్టర్ లేకుండా ఉండలేం అమ్మా అంటే నా మొహం చూసి నవ్వుతోంది. పొదిలి ఎండలో కూర్చుని ఆ మాట నమ్మడం కష్టమే లెండి. నాన్న మాత్రం ఇవేవీ పట్టించుకోడు. నలభై ఏళ్లుగా కంది, శనగ, పొగాకు వేసిన మనిషి, రోజూ ఒకటే అడుగుతున్నాడు: "నేల నల్లదా ఎర్రదా? వాన ఎప్పుడు పడుద్ది? ఎద్దులున్నాయా?"

అక్కడ ఉండొచ్చిన వాళ్లెవరైనా ఉంటే చెప్పండి. మన తెలుగు లెక్చరర్లు చాలామంది అక్కడి యూనివర్సిటీల్లో పనిచేశారని విన్నాను. ఊళ్లలో మనల్ని ఎట్టా చూస్తారు, తిండి సంగతేంటి (నేను మాంసం తినను), భాష రాకుండా నెట్టుకురావచ్చా, అన్నిటికంటే ముఖ్యంగా బయటి దేశం నుంచి వచ్చినోడు చెప్తే అక్కడి రైతు వింటాడా?


చీమకుర్తి_మాస్టారు:

తమ్ముడూ, నేను బిషోఫ్తులో నాలుగేళ్లు పాఠాలు చెప్పాను. అడిస్ నుంచి నలభై అయిదు కిలోమీటర్లుంటుంది, పాత పేరు దెబ్రె జెయిత్. నీ పని శనగ, లెంటిల్ లాంటి పప్పుల మీదైతే ఆ చుట్టుపక్కలకే వేస్తారనుకుంటా, శనగల పరిశోధనా కేంద్రం అక్కడే ఉంది.

ముందు మీ నాన్నగారి ప్రశ్నకి జవాబు. నేల నల్లదే. మన నాగులుప్పలపాడు, పర్చూరు వైపు చేలు చూశావుగా, అచ్చం అదే నల్లరేగడి. ఎండితే చెయ్యి పట్టేంత నెర్రెలు, తడిస్తే చెప్పులు ఊడిపోయే బంక. తేడా ఏంటంటే అది ఆరు వేల అడుగుల ఎత్తున ఉంది. మన ఉదయగిరి దుర్గం ఎక్కితేనే మూడు వేల అడుగులు, అలాంటివి రెండు ఒకదాని మీద ఒకటి పెట్టి, పైన కొన లేకుండా చదును చేసి, దాని మీద పర్చూరు చేలు పరిచినట్టు ఊహించుకో. కొండ ప్రాంతం అంటే లోయలు, జలపాతాలు అనుకుని వెళ్లాను, బస్సు దిగితే కనుచూపు మేర పొలాలే. మనం డెల్టా, మెట్ట అన్నట్టు వాళ్లు ఎత్తుని బట్టి పేర్లు పెట్టుకున్నారు. వేడిగా ఉండే పల్లపు ప్రాంతం కొల్లా, మధ్యస్తం వోయ్నా దేగా, బాగా చలి ఉండేది దేగా. అక్కడ ఎవరినైనా నీదే ఊరని అడిగితే ఈ మాటలతోనే మొదలుపెడతారు, ఎందుకంటే దాన్ని బట్టే వాళ్లు ఏం పండిస్తారో, ఏం తింటారో తెలిసిపోతుంది.

ఎద్దులున్నాయి, అదీ చెప్పు నాన్నగారికి. ట్రాక్టర్లు కొన్ని పెద్ద కమతాల్లోనే, మిగతా అంతా అరకే. నాగలిని మరేషా అంటారు. చెక్క నాగలి, ఇనప కర్రు, ఒంటి చేత్తో పట్టుకునే మేడి. నేను మొదటిసారి మా డిపార్ట్‌మెంట్ అతని ఊరెళ్లినప్పుడు వాళ్ల బాబాయి దుక్కి దున్నుతున్నాడు. నాకు చిన్నప్పుడు మా తాత దగ్గర రెండు మూడు సాళ్లు తోలిన గర్వం ఒకటుంది కదా, ఇటివ్వు అన్నాను. మేడి పట్టుకోగానే అబ్బో మన నాగలే అనిపించింది. తీరా "హై... దా దా" అంటే ఎద్దులు చెవి కూడా కదపలేదు. దాపటిది మాత్రం ఒకసారి వెనక్కి తిరిగి చూసి మళ్లీ నిలబడిపోయింది. ములుకోల కోసం చెయ్యి చాపితే చేతిలో పెద్ద కొరడా పెట్టారు. అది ఎద్దుకి తగిలించకూడదు, గాల్లో ఠప్పుమనిపించాలి. నేను ఆడిస్తే నా చెవికే తగిలింది. గట్టు మీద పిల్లలు "ఫెరెంజ్, ఫెరెంజ్" అని ఒకటే నవ్వు. ఫెరెంజ్ అంటే తెల్లోళ్లని పిలిచే పేరు, మనల్నీ అప్పుడప్పుడూ అట్లాగే పిలుస్తారు, ఎక్కువగా మాత్రం "హిందీ, హిందీ" అంటారు. హైలే సెలాసీ చక్రవర్తి కాలంలో మన దేశం నుంచి చాలామంది టీచర్లు అక్కడి బళ్లలో పనిచేశారు, అందుకని ముసలాళ్లు కొందరు మా లెక్కల టీచరు ఇండియా ఆయనే అని చేయి పట్టుకుని కూర్చోబెడతారు. ఆ మర్యాద మనం సంపాదించింది కాదు, ముందు వెళ్లినోళ్లు పెట్టిపోయింది.

ఇప్పుడు అసలు సంగతి. రైతు వింటాడా అని అడిగావు. అక్కడ నీకు అన్నీ తెలిసినట్టే ఉంటాయి, ప్రమాదం అక్కడే. నేను చెడింది అందుకే. వాళ్లు కూడా మనలాగే వానలు వెనక్కి తగ్గాక నల్లరేగడిలో మిగిలిన తేమ మీద శనగ వేస్తారు. ఆగస్టు ఆఖరు నుంచి సెప్టెంబర్ మధ్య దాకా విత్తుతారు. నేను జూలై ఆఖర్లో వెళ్లి చూస్తే నేల బ్రహ్మాండమైన పదును మీద ఉంది. మన దగ్గరైతే పదును ఆరిపోతుందని రాత్రికి రాత్రి గొర్రు కట్టి వేస్తాం కదా. ఎందుకు ఆగుతున్నారు, ఇప్పుడే వేసేయండి, మా దేశంలో ఇట్లా చేస్తాం అని ఒక పెద్దాయనకి గట్టిగా చెప్పాను. నేను చెప్పేది విత్తనాల చదువు కూడా కాదు, ఏదో రైతు కొడుకుననే ధైర్యం. ఆయన ఓపిగ్గా విని "ఇషీ" అన్నాడు. ఇషీ అంటే సరే అని.

మన కష్టమంతా తేమ చాలకపోవడం, వాళ్ల కష్టం తేమ ఎక్కువైపోవడం అని నాకప్పుడు తెలీదు. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా వాన వదలదు, పైగా చలి, నేల ఆరదు. ఆగస్టులో నీళ్లు నిలిచాయి, శనగ మొలిచి జానెడు కాకముందే పసుపు తిరిగి వేరుకుళ్లుతో పోయింది. నాకు తిండి సహించలేదు. ఆ ఊరు వెళ్లడం మానేసి మూడు వారాలు తప్పించుకుని తిరిగాను. చివరికి వెళ్తే తెలిసిందేంటంటే ఆయన నా మాట మీద వేసింది గట్టు పక్కన మంచం పట్టేంత ముక్క! మిగతా చేను ఎప్పటిలాగే సెప్టెంబర్‌లో వేశాడు, నిక్షేపంగా ఉంది. నాకు వెంటనే మా నాన్న గుర్తొచ్చాడు, వ్యవసాయ ఆఫీసరు ఏది చెప్పినా తల ఊపి, ఆయన జీపెక్కాక రెండు సాళ్లలో వేసి చూసేవాడు. కాబట్టి అక్కడ రైతు ఇషీ అంటే ఒప్పుకున్నాడని కాదు, నిన్ను నొప్పించడం ఇష్టంలేదని. మొదటి ఏడాది నోరు కట్టుకుని చూడు, రెండో ఏడాది వాళ్లే అడుగుతారు. పటాన్‌చెరు ఇక్రిశాట్ నుంచి వెళ్లిన శనగ రకాలు కూడా అక్కడ వేస్తున్నారు, అంటే కొత్తది వద్దనే రకం కాదు వాళ్లు, చూసి నమ్మే రకం.

వాళ్ల ముఖ్యమైన తిండిగింజ టెఫ్ గురించి చెప్పకపోతే అక్కడి సేద్యం చెప్పినట్టే కాదు. గింజ ఎంత చిన్నదంటే ఒక గోధుమ గింజ బరువుకి నూట యాభై టెఫ్ గింజలు తూగుతాయంటారు. మన వరిగ, కొర్ర దాని పక్కన గుండ్రాళ్లు. అంత చిన్న గింజ నెర్రెల్లో పడితే మొలవదు కాబట్టి నాలుగైదు సార్లు దున్ని, పైన గొర్రెల్ని, గాడిదల్ని తోలి నేలంతా తొక్కించి, అప్పుడు వెదజల్లుతారు. దున్ని గుల్ల చేసిన నేలని మళ్లీ తొక్కించడమేంటని నేను నోరెళ్లబెట్టాను. నవంబర్, డిసెంబర్‌లో కోతలు, పేడ అలికిన కళ్లంలో ఎద్దులతో తొక్కించి తూర్పారబడతారు. మనూళ్లో ఇప్పుడు కళ్లం అంటే పిల్లలకి తెలీదు, అక్కడ ఒక సాయంత్రం గాలికి పొట్టు ఎగురుతుంటే ఆ వాసనకి నాకు ముప్పై ఏళ్లు వెనక్కి పోయినట్టయింది.

రెండు ముక్కలు మిగిలాయి. భూమి అమ్మకాలు, కొనుగోళ్లు ఉండవు. 1975 నుంచి భూమంతా ప్రభుత్వానిదే, రైతుకి సాగు చేసుకునే హక్కు కాగితం ఉంటుంది, పిల్లలకి వస్తుంది, అమ్మడానికి లేదు. మా ఊళ్లో ఎకరం ఇంత పలుకుతుందని నేను గొప్పగా చెప్తే, అమ్ముకున్నాక మీవాళ్లు ఎక్కడికి పోతారు అని అడిగారు. రెండోది టైము. వాళ్ల గడియారం పొద్దు పొడిచాక మొదలవుతుంది, మన ఏడు గంటలు వాళ్లకి ఒంటిగంట. ఒకసారి రెండింటికి బస్సు అంటే మధ్యాహ్నం భోంచేసి వెళ్లా, అది పొద్దున ఎనిమిదికే పోయింది.


కావలి_అక్క:

మాస్టారు పొలం సంగతి చెప్పారు, ఇల్లు సంగతి నేను చెప్తా. మా ఆయన ఉద్యోగం మీద దెబ్రె బిర్హాన్‌లో మూడేళ్లున్నాం. బిషోఫ్తు కంటే ఇంకా పైన, తొమ్మిది వేల అడుగులు. అక్కడ శనగ కాదు, బార్లీ, పెద్ద చిక్కుడు గింజల్లాంటి బాకలా. తెల్లారి గడ్డి మీద మంచు గడ్డకట్టి ఉప్పు చల్లినట్టుంటుంది. మీ అమ్మగారికి ఈ మాట చదివి వినిపించు బాబూ, స్వెట్టర్ ఒకటి చాలదు.

మొదటి వారం నాకు ఏడుపొచ్చింది పప్పు దగ్గర. మామూలు గిన్నెలో గంటన్నర ఉడికించినా పప్పు పలుకు పలుకుగానే ఉంది. అంత ఎత్తులో నీళ్లు తొంభై డిగ్రీలకే మరిగిపోతాయని, మరుగుతున్నాయిలే అని చూసి మోసపోయేది మనమేనని మా ఆయన తర్వాత చెప్పారు. కుక్కర్ తప్పనిసరిగా తీసుకెళ్లు, గ్యాస్కెట్లు రెండు అదనంగా. కందిపప్పు దొరకదు, ఎర్రపప్పు, బఠాణీ పప్పు బోలెడు. చింతపండు, ఇంగువ ఇక్కడి నుంచే. కారం గురించి బెంగ లేదు, వాళ్ల బెర్బెరే కారం తింటే గుంటూరోళ్లు కూడా మంచినీళ్లు అడుగుతారు.

మాంసం తిననివాళ్లకి నిజానికి అది మంచి దేశం. ఆర్థడాక్స్ క్రైస్తవులు బుధవారం, శుక్రవారం, ఇంకా పెద్ద ఉపవాసాల్లో వారాల తరబడి మాంసం, పాలు, గుడ్లు ముట్టరు. హోటల్లో "త్సోమ్" అని ఒక్క మాట చెప్తే చాలు, ఇంజెరా మీద పప్పులు, ఆకుకూరలు, షిరో పెట్టి తెస్తారు. షిరో అంటే శనగపిండి, బఠాణీ పిండి లాంటివి కారంతో ఉడికించిన పులుసు. ఇంజెరా అంటే టెఫ్ పిండి మూడు రోజులు పులియబెట్టి పోసిన పెద్ద అట్టు. మొదట పుల్లగా ఉందని మొహం తిప్పుకున్నా, ఆరు నెలలకి మా పాప దోసె వద్దు ఇంజెరా పెట్టు అనేది.

ఇబ్బంది ఎక్కడొచ్చిందంటే ఎంగిలి దగ్గర. ఒకటే పెద్ద పళ్లెం, దాని చుట్టూ ఇంటిల్లిపాదీ, అతిథి కూడా. పైగా గుర్షా అని, ఇష్టమైన వాళ్లకి ముద్ద చుట్టి తన చేత్తో నోట్లో పెడతారు. పక్కింటి పెద్దావిడ మొదటిసారి నా నోటి దగ్గరికి ముద్ద తెచ్చినప్పుడు నా పెదాలు తెరుచుకోలేదు. మా ఇంట్లో మడి ఆచారం లేకపోయినా ఎంగిలంటే ఒళ్లు జలదరించేలా పెంచారు కదా. ఆవిడ చెయ్యి అట్లాగే పట్టుకుని నిలబడింది, అందరూ నన్నే చూస్తున్నారు. తినేశాను. తిన్నాక రెండో ముద్ద కూడా పెట్టింది, ఒకటితో ఆపితే గొడవలొస్తాయని వాళ్ల నమ్మకమంట. మా అమ్మ పోయాక నా నోట్లో ఎవరూ ముద్ద పెట్టలేదు, ఆ రోజు ఇంటికొచ్చి చాలాసేపు కూర్చున్నా.

కాఫీ గురించి కూడా విను, నువ్వు ఊళ్లు తిరుగుతావు కాబట్టి అవసరం. పచ్చి గింజలు నీ ముందే పెనం మీద వేయించి, ఆ పొగ నీ మొహం మీదికి విసిరి వాసన చూపిస్తారు. దంచి, జబెనా అనే మట్టికూజాలో కాచి, చిన్న గిన్నెల్లో పోస్తారు. మూడు దఫాలు, అబోల్, తోనా, బరకా. మూడోది తాగకుండా లేస్తే దీవెన వదిలేసి పోయినట్టు. ఇదంతా గంటన్నర పడుతుంది, ఫోన్ చూసుకుంటూ కాళ్లు ఆడించకు. కొన్ని ఊళ్లలో పంచదార బదులు ఉప్పు వేస్తారు, మొహం చిట్లించకు.

ఇంకొకటి, అక్కడ ఆడవాళ్ల చాకిరీ చూస్తే కడుపు తరుక్కుపోతుంది. నీళ్ల డబ్బాలు, పుల్లల మోపులు వీపు మీద కట్టుకుని వంగి నడుస్తారు, మన వైపు నెత్తిన పెట్టుకుంటే కనీసం నిటారుగా నడుస్తాం. పిడకల మీదే సగం వంట. పుల్లలన్నీ జామాయిల్, మన ప్రకాశం చేలల్లో ఉన్నట్టే ఎక్కడ చూసినా జామాయిలే! వాళ్ల భాషలో దాని పేరు బహర్ జాఫ్, అంటే సముద్రం అవతలి నుంచి వచ్చిన చెట్టు.


కొనకనమిట్ల_రైతు:

చదవడానికి బాగానే ఉంది. మరి మన మెట్ట సంగతి ఎవరు చూస్తారు? శనగలు పండించి కోల్డ్ స్టోరేజీల్లో పెట్టి రేటు కోసం ఏళ్లు ఎదురుచూసినోళ్లం, మన ఊళ్లో నాగలి పట్టేవాడు లేడు, ఒంగోలు గిత్తలు బ్రెజిల్ వెళ్లి నెలోర్ అని పేరు తెచ్చుకున్నాయి, ఇక్కడ పందేల్లో బండ లాగడానికి మిగిలాయి. చదువుకున్న కుర్రాళ్లేమో ఇథియోపియా రైతుకి విత్తనం ఇవ్వడానికి పోతారు. కోపంతో కాదు, బాధతో అంటున్నా.


చీమకుర్తి_మాస్టారు:

పెద్దాయనా, మీ మాట కాదనను. కానీ నేను అక్కడ ఫోన్‌లో ఒంగోలు గిత్త ఫొటో చూపిస్తే ఊరు ఊరంతా మూగింది. ఎత్తు చూసి ఇది ఎద్దా గుర్రమా అని వేళాకోళం, తర్వాత రేటెంత, ఎంత మేస్తది, ఎంతసేపు దున్నుతది అని ఒకటే ప్రశ్నలు. గిత్త గురించి అంతసేపు నన్ను మన జిల్లాలో ఎవరూ అడగలేదు. అబ్బాయి రెండేళ్లు వెళ్తే పొదిలికి ఏదో ఒకటి పట్టుకొస్తాడు లెండి.


నెల్లూరు_శీను:

అందరూ కాఫీ, పప్పు చెప్తున్నారు, ముఖ్యమైనది వదిలేశారు. మాస్టారు, అక్క ఉన్నప్పటి రోజులు వేరు. 2020 నవంబర్ నుంచి 2022 నవంబర్ దాకా తిగ్రాయ్‌లో యుద్ధం జరిగింది, 2023 నుంచి అమ్హారా ప్రాంతంలో మిలీషియాకీ సైన్యానికీ గొడవలు, దెబ్రె బిర్హాన్ ఉన్నది ఆ ప్రాంతంలోనే. బిషోఫ్తు ఉన్న ఒరోమియా ప్రాంతంలో కూడా కొన్నిచోట్ల పరిస్థితి బాగాలేదు. నిన్ను ఏ ఊళ్లకి పంపుతారో ఆ పేర్లు రాతపూర్వకంగా అడుగు బ్రో, అడిస్‌లో మన ఎంబసీలో పేరు నమోదు చేసుకో, రోడ్డు బాగాలేదంటే వెళ్లననే హక్కు నీ అగ్రిమెంట్‌లో ఉండాలి.

జీతం డాలర్లలోనా, అక్కడి కరెన్సీ బిర్రులోనా చూసుకో. 2024 జూలైలో బిర్రు మారకం విలువని మార్కెట్‌కి వదిలేశాక అది సగానికి సగం పడిపోయింది. ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి, ఎక్కడ పడితే అక్కడ వేయరు, ప్రభుత్వం గుర్తించిన సెంటర్లలోనే. ఆ కార్డు లేకుండా తిరిగొస్తే మన ఎయిర్‌పోర్టులోనే ఆరు రోజులు క్వారంటైన్‌లో కూర్చోబెట్టొచ్చు. పాస్‌పోర్టుకి పిన్ కొట్టి పెట్టుకో.


పొదిలి_కుర్రోడు:

అందరికీ పేరుపేరునా థాంక్స్. మొత్తం ఇంట్లో చదివి వినిపించాను. మంచు గడ్డకట్టే మాటకి అమ్మ నాకు రగ్గు కొనడానికి ఒంగోలు బయల్దేరింది. శీను అన్నా, ఊళ్ల పేర్లు మెయిల్‌లో అడిగాను, అన్నీ బిషోఫ్తు చుట్టూనే అంటున్నారు, రాసి ఇమ్మన్నాను. పెద్దాయనా, మీ మాట నాన్న కూడా అన్నాడు, నా దగ్గర జవాబు లేదు.

మాస్టారూ, భాష సంగతి చెప్పలేదు మీరు. ఇంకో సమస్య, నాన్న మన జేజీ 11 శనగలు రెండు కిలోలు గుడ్డలో మూటగట్టి అమ్మ పచ్చళ్ల మధ్య పెట్టాడు. నీళ్లు ఎక్కువైనా తట్టుకుంటాయేమో అక్కడ వేసి చూడు అంటున్నాడు.


చీమకుర్తి_మాస్టారు:

అయ్యో, ఆ మూట తీసేయించు. అనుమతి కాగితాలు లేకుండా విత్తనం సరిహద్దు దాటించకూడదు, మనకి తెలీని తెగులు మోసుకెళ్తాం, విత్తనాల పని మీద వెళ్లేవాడివి నువ్వే దొరికితే ఇంకేమైనా ఉందా! వచ్చేటప్పుడు టెఫ్ కూడా అంతే, ఆశపడకు.

భాష అంటావా, అమ్హారిక్ రాత నీకు తేలిక, మన గుణింతం లాంటిదే. ముప్పైమూడు అక్షరాలు, ఒక్కోదానికి ఏడు రూపాలు, నెలలో బస్సు బోర్డులు చదివేస్తావు. కాకపోతే బిషోఫ్తు పల్లెల్లో ఎక్కువమంది మాట్లాడేది ఒరోమో, అది ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తారు. రెంటిలో పలకరింపులు నేర్చుకుని వెళ్లు. పలకరింపు అక్కడ ఒక్క మాటతో అయిపోదు, నువ్వెట్టా ఉన్నావు, పిల్లలెట్టా ఉన్నారు, ఎద్దులెట్టా ఉన్నాయి, చేనెట్టా ఉంది అని అన్నీ అయ్యాకే పని మాట.


పొదిలి_కుర్రోడు:

ఎద్దుల్ని కూడా అడుగుతారని చెప్తే నాన్న చాలా సంతోషపడ్డాడు. శనగల మూట తీసేశాడు. దాని బదులు తాత నాటి ములుకోల తెచ్చి పెట్టాడు, కర్ర కోసేసి ముల్లు ఉన్న కొన మాత్రం. ఇది విత్తనం కాదుగా, కొరడా తిప్పడం నీవల్ల కాదు అంటున్నాడు.


చీమకుర్తి_మాస్టారు:

చెకిన్ బ్యాగులో పెట్టు తమ్ముడూ, చేతి బ్యాగులో వద్దు.